కుడి వెనక చక్రం

"సంతకం పెడితే నీ సొమ్మేం పోయింది?" అన్నారు మామయ్య మూడోసారి.

బల్ల మీద కాగితం ఉంది. కాగితం మీద పెన్ను ఉంది. పెన్ను మూత కూడా ఆయనే తీసిపెట్టారు, నాకా శ్రమ ఎందుకని.

"నా పేరు పోతుంది మామయ్యా," అన్నాను నేనూ మూడోసారి.

రేసు జరిగే మూడు రోజులకీ అద్దెకి తీసుకున్న రెండు గదుల ఇల్లు. ముందుగదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కుర్చీల్లో మేం నలుగురం. మామయ్య టీముకి యజమాని. అత్తయ్య మెడలో స్టాప్‌వాచీ వేసుకుని ల్యాపు ల్యాపుకీ టైము రాస్తుంది. మా ఆయన కారు నడుపుతాడు. ముప్పై నాలుగేళ్లొచ్చినా వాళ్లింట్లో ఇంకా చిన్నోడే. నేను మెకానిక్‌ని. పెళ్లికి ముందూ మెకానిక్‌నే, ఈ ఇంటికి వస్తూ నా పనిముట్ల పెట్టె నేనే మోసుకొచ్చాను.

ఆ సాయంత్రం నిజానికి నేను ట్రాక్ దగ్గర షెడ్డులో ఉండాలి. కారు కుడి వెనక భాగమంతా గీరుకుపోయి ఉంది. టైర్లు చూసుకునే మనిషి, మేమంతా అన్నయ్య అని పిలుస్తాం, ఒక్కడే దాన్ని సరిచేస్తూ కూర్చున్నాడక్కడ. నన్ను మాత్రం ఇక్కడ ముద్దాయిలా కూర్చోబెట్టారు.

మధ్యాహ్నం క్వాలిఫయింగ్‌లో, అంటే రేపు ఎవరు ఏ వరసలో నిలబడాలో తేల్చే పరుగులో, మూడో మలుపు దగ్గర మా కారు కుడి వెనక చక్రం ఊడిపోయింది. ఊడిన చక్రం కారుని దాటి ముందుకెళ్లి టైర్ల గోడని గుద్దుకుంది. కారు మూడు చక్రాల మీద నేలని గీరుకుంటూ గడ్డిలోకి పోయింది. మా ఆయనకి మోచెయ్యి కమిలింది, అంతే. అంతే అని ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆయన కారులోంచి బయటికొచ్చి నిలబడేదాకా నా గుండె నా దగ్గర లేదు.

ఎవరి పొరపాటో రేపు ఉదయం ఎనిమిదింటికల్లా రాసివ్వమన్నారు రేసు అధికారులు. మెకానిక్ పొరపాటైతే ఆ మెకానిక్‌ని రేసు నుంచి తప్పిస్తారు, కారు చివరి వరసలోంచి పరుగెత్తొచ్చు. యజమాని పొరపాటైతే సీజనంతా ఆయన లైసెన్సు ఆపేస్తారు, ఆయనతోపాటు కారూ ఇంటికే.

మామయ్య తడుముకోకుండా నా పేరు రాశారు. "చక్రము బిగించుటలో మెకానిక్ నిర్లక్ష్యము." మామూలుగా మాట్లాడితే పక్కింటికి వినిపించేలా అరిచే మనిషికి, నా పేరు చెడగొట్టడానికి మాత్రం ఇంత పద్ధతైన భాష ఎక్కణ్ణుంచి వచ్చిందో!

"ఆ చక్రం నేను పొద్దున తొమ్మిదింటికి బిగించాను. నాలుగూ బిగించి నాలుగింటికీ తెల్ల గీత పెట్టాను. తర్వాత కుడి వెనకది విప్పింది మీరు."

"విప్పాను. కాదన్నానా? బ్రేకు వాసనొస్తోందని విప్పి చూశాను. మళ్లీ బిగించాను."

"దేంతో?"

"స్పానరుతో. ఇంక దేంతో, పళ్లతోనా?"

"టార్కు రెంచీ పెట్టలేదు."

"నలభై ఏళ్లుగా ఈ చెయ్యే నా రెంచీ అమ్మాయ్."

మా కారులో ఒక్కో చక్రానికి ఒక్కటే పెద్ద నట్టు. దాన్ని టార్కు రెంచీతో బిగించాలి. చాలినంత బిగువు రాగానే రెంచీ టక్కుమంటుంది. అప్పుడు నట్టు మీంచి చక్రం మీదకి ఒక గీత గీస్తాం. గీత విడిపోయిందంటే నట్టు కదిలిందన్నమాట. నాది తెలుపు, టైర్ల అన్నయ్యది నీలం, మామయ్యది పసుపు. ఎవరు బిగిస్తే వాళ్ల రంగు. ఈ నియమం పెట్టిందెవరనుకున్నారు? మామయ్యే. మేం పాటించకపోతే చెవి మెలేసినంత పని చేసేదీ ఆయనే.

"పోనీ మీ పసుపు గీతైనా పెట్టలేదే?" అన్నాను. "పాత గీత తుడిచేసి నా తెల్ల పెన్నుతో ఎందుకు గీశారు?"

"టైమయిపోతోంది. చేతికి తెల్లది అందింది. గీశాను. రంగుదేముంది?"

"ఇప్పుడా రంగు చూపించే కదా నా పేరు రాస్తున్నారు!"

ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. "చూడూ. నేను బిగించిన నట్టు ఊడదు. ఇన్నేళ్లలో ఒక్కటి ఊడలేదు. ఇవాళ ఊడిందంటే ఏమిటి అర్థం? నువ్వు పొద్దున చేసినప్పుడే అందులో ఏదో తేడా ఉంది."

ఆయన తర్కం చూశారా? ఆయన బిగిస్తే ఊడదట. ఊడింది కాబట్టి ఆయన బిగించినట్టు కాదట. ఇలాంటి వాదన నేను బడిలో చేసుంటే గోడకుర్చీ వేయించేవారు.

మా ఆయన వైపు తిరిగాను. ఐసు ముక్కలు మూటగట్టి మోచేతి మీద అద్దుకుంటున్నాడు. ఇంత గొడవ జరుగుతున్నా ఆయనకి ప్రపంచంలో ఆ మోచెయ్యి తప్ప మరొకటి కనిపించడంలేదు.

"మీరేమంటారు?"

"ఏమనను? అందరం ఒకింటివాళ్లమేగా. ఎవరి పేరైతే ఏముంది?"

"అయితే మీ పేరు రాయించండి."

"నేను డ్రైవర్ని. చక్రాలు నేనెక్కడ బిగించాను?"

"మామయ్య విప్పాక నేనూ బిగించలేదుగా!"

ఐసు మూట ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఒక్క రోజు కారు ముట్టుకోకుండా ట్రాక్ గోడ బయట కూర్చుంటావు. అంతకంటే నీకు జరిగేదేముంది?" అన్నారు మామయ్య, గొంతు తగ్గించి. గొంతు తగ్గితే ఆయన మరీ ప్రమాదం. "నా లైసెన్సు పోతే టీమే లేదు. టీము లేకపోతే వీడేం చేస్తాడు? నువ్వేం చేస్తావు? పెద్దవాళ్ల కోసం ఆ మాత్రం కడుపులో పెట్టుకోలేవా?"

"ఆ కాగితం నా ఫైల్లో ఉంటే రేపు ఏ షెడ్డులోనూ నా చేతికి స్క్రూడ్రైవరు కూడా ఇవ్వరు మామయ్యా. పన్నెండేళ్లు కష్టపడి నేర్చుకున్న పని. మీ లైసెన్సు మీకెంతో, నా చేతిపని నాకంతే."

"మా కోడలికి మాటలు బాగా వచ్చు," అన్నారు ఆయన, గదిలో లేని ఎవరితోనో.

అత్తయ్య ఇంతవరకూ నోరు మెదపలేదు. మధ్యాహ్నం ఆ చక్రం విప్పినప్పుడు ఆవిడ రెండు చేతుల దూరంలో కూర్చుని ఉంది. విప్పడమూ చూసింది, బిగించడమూ చూసింది, నా తెల్ల పెన్ను తీయడమూ చూసింది.

"అత్తయ్యా, మీరైనా చెప్పండి."

ఆవిడ స్టాప్‌వాచీ తాడు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. "ముందు అందరూ తినండి," అని లోపలికి వెళ్లిపోయింది.

వెనకాలే వెళ్లాను. కుళాయి తిప్పి, కడిగిన కంచాలే మళ్లీ కడుగుతోంది.

"రేసు ఆఫీసరు దగ్గరికొచ్చి చూసింది చెబితే చాలు. ఎవర్నీ తిట్టక్కర్లేదు."

"నీకు తెలీదే," అంది, తల తిప్పకుండా. "ఆయన చేతికి ఇదివరకటి పట్టు లేదు. రెండేళ్లయింది. పొద్దున చొక్కా బొత్తాలు నేనే పెడుతున్నాను. ఆ సంగతి ఎవరికైనా తెలిస్తే ఆయన బతకలేరు."

జాలి వేసింది, నిజమే. మరుక్షణంలోనే ఒళ్లు మండింది.

"బొత్తాలు పెట్టుకోలేని చెయ్యని తెలిసి కూడా, మీ అబ్బాయి కూర్చునే బండికి ఆ చేత్తో నట్టు బిగించనిచ్చారా?"

కుళాయి నీళ్లు పోతూనే ఉన్నాయి. అత్తయ్య మరో కంచం అందుకుంది. నేను ముందుగదిలోకి వచ్చి, బల్ల మీద పెన్నుకి మూత పెట్టేసి, షెడ్డుకి వెళ్లిపోయాను. రెండు గంటలు కూర్చుని వెనక భాగం సరిచేశాను. మనుషుల కంటే ఇనుము నయం, ఎక్కడ వంగిందో దాచుకోదు.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి షెడ్డు గేటు దగ్గర కళ్లజోడు పెట్టుకున్న రేసు ఆఫీసరు ఒకాయన నన్ను ఆపాడు. కారుని ముట్టుకునే వాళ్లందరికీ చేతికి నారింజ రంగు పట్టీ ఉంటుంది. ఆయన నా పట్టీ వైపు చూసి ఇబ్బందిగా దగ్గాడు.

"అది ఇచ్చెయ్యాలమ్మా."

"ఎందుకండీ? నేను సంతకం పెట్టలేదు."

"మీరు పెట్టనక్కర్లేదు. మెకానిక్ ఒప్పుకోకపోతే డ్రైవరు సాక్షి సంతకం చాలు."

కాగితం చూపించాడు. అడుగున సంతకం. చివరి గీత పైకి ఎగిరి పోతుంది, మా పెళ్లి రిజిస్టరులో ఎగిరినట్టే. పొద్దున నేను స్నానానికి వెళ్లిన పది నిమిషాలు చాలాయన్నమాట మా ఆయనకి. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు టీ అందించాడు నాకు. ఆ టీ తాగాను కూడా!

ఏడుపు రాలేదు. ఏడిస్తే బాగుండేదేమో, ఆఫీసరు ఏడుపు చూడటానికి సిద్ధంగానే నిలబడ్డాడు. పట్టీ విప్పి ఆయన చేతిలో పెట్టాను.

"ఇందులో ఉన్నది అబద్ధమండీ."

"ఉండొచ్చమ్మా. నాకు రుజువు కావాలి," అన్నాడాయన, మర్యాదగానే.

పదకొండింటికి కార్లన్నీ వచ్చి వరసల్లో నిలబడ్డాయి. ఇరవై నాలుగు కార్లు, మాది ఇరవై నాలుగోది. చివరి వరస పక్కనే నడుమెత్తు గోడ. పట్టీ లేనివాళ్లు గోడ ఇవతల నిలబడాలి. నేనక్కడే నిలబడ్డాను. గోడ చివర ఎత్తు స్టూలు మీద అత్తయ్య పుస్తకం తెరిచి కూర్చుంది. నావైపు చూడలేదు.

మామయ్య పొడుగాటి స్పానరుతో నాలుగు చక్రాలూ బిగించారు. లాగినప్పుడల్లా పళ్లు బిగబట్టడం, భుజం వణకడం ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. టైర్ల అన్నయ్య నా టార్కు రెంచీ చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా పట్టుకుని ఆయన వెనకే తిరిగాడు.

"పెద్దాయనా, ఒక్కసారి దీంతో చూద్దామండీ."

"ఆ టక్కుటక్కు బొమ్మ అవతల పెట్టు!"

దాంతో బిగిస్తే నిన్నటిది ఒప్పుకున్నట్టే కదా మరి. నాలుగింటికీ పసుపు గీతలు గీసి, చేతులు తుడుచుకుని, ముందు వరసల్లో ఎవరో పాత స్నేహితుణ్ణి పలకరించడానికి వెళ్లిపోయారు.

మా ఆయన కారులోంచి వేలితో సైగ చేశాడు. హెల్మెట్టులో కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. గోడ మీదికి వంగాను.

"నాలుగూ ఒక్కసారి నువ్వు చూడవా?"

నలుగురిలో ఉంటే ఆయన్ని మీరంటాను. మేమిద్దరమే అయితే నువ్వు అనే అంటాను.

"ఏం చూడాలి?"

"చక్రాలు. నాన్న అటు వెళ్లారు. ఒక్క నిమిషం పని."

"నా చేతికి పట్టీ లేదు. ఎందుకు లేదో నీకు తెలుసు."

"ఎవరూ చూడరు. అన్నయ్య అడ్డం నిలబడతాడు."

"మీ నాన్నగారు బిగించారుగా. నలభై ఏళ్ల చెయ్యి."

సీటు బెల్టు ఒకసారి లాగి చూసుకున్నాడు. తర్వాత ఒక్కసారిగా అనేశాడు. "నిన్న ఆ చక్రం నా పక్కనుంచి ముందుకెళ్లిపోవడం చూశాను. రాత్రంతా కళ్లముందు అదే. నాకు భయంగా ఉంది. నువ్వు బిగిస్తే తప్ప నేను వెళ్లలేను."

ఎంత ముచ్చటైన మాట! ఇదే మాట నిన్న సాయంత్రం ఆ బల్ల దగ్గర అనుంటే, వాళ్ల నాన్న ముందు అనుంటే, ఈ మనిషి కోసం ఎన్ని కాగితాల మీదైనా సంతకం పెట్టేదాన్నేమో.

"అంటే నా చెయ్యి మంచిదని తెలిసే, చెడ్డదని సంతకం పెట్టావు."

"అది వేరు, ఇది వేరు. అక్కడ టీము గురించి."

"ఇక్కడ?"

"ఇక్కడ నా ప్రాణం గురించి."

"మరి నా బతుకు గురించి ఎక్కడ?"

స్టీరింగు మీద చేతులు సర్దుకున్నాడు.

"ఇప్పుడన్నావే, నేను బిగిస్తే తప్ప వెళ్లలేనని. అదిగో ఆఫీసరు. ఆ మాట ఆయనతో చెప్పు. చెప్పిన మరుక్షణం నేను గోడ దూకుతాను."

ఆయన ఆఫీసరు వైపు చూశాడు. ముందు వరసల్లో నవ్వుతూ చేతులూపుతున్న వాళ్ల నాన్న వైపు చూశాడు. హెల్మెట్టు అద్దం కిందికి దించుకున్నాడు.

రేసు మొదలవడానికి ఇంకా అయిదు నిమిషాలే అని బోర్డు ఎత్తారు.

వెళ్లిపోదామనే అనుకున్నాను. రెండడుగులు వెనక్కి వేశాను కూడా. పోనీ, వాళ్ల నట్టు, వాళ్ల గీత, వాళ్ల చక్రం. కానీ బండిలో కూర్చున్నది మనిషి. నా మీద సంతకం పెట్టినవాడే అయినా మనిషి. పైగా నా మొగుడు. ఆ భుజం వణకడం నేను చూశాను. చూశాక వదులు చక్రం మీద ఎవర్నీ పంపలేను, అది నా వల్ల కాదు.

అయితే దొంగచాటుగా మాత్రం చెయ్యదలచుకోలేదు.

"ఆఫీసరుగారూ!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. "ఇటు రండి! ఈ కారు దగ్గరికి రండి! అందరూ చూడండి!"

గోడ దూకాను. టైర్ల అన్నయ్య అడక్కుండానే రెంచీ నా చేతుల్లో పెట్టాడు. కుడి వెనక చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నట్టుకి తగిలించాను. సరిగ్గా బిగించిన నట్టయితే రెంచీ లాగగానే నట్టు కదలకుండా టక్కుమనాలి.

లాగాను. నట్టు తిరిగింది.

ఇంకా లాగాను. ఇంకా తిరిగింది. మామయ్య పసుపు గీత రెండు ముక్కలైంది. ఒక ముక్క చక్రం మీద ఉండిపోయింది, రెండోది నట్టుతోపాటు నాలుగు వేళ్ల దూరం పోయింది. అప్పటికి గాని టక్కుమనలేదు.

"ఎవర్నడిగి ముట్టుకున్నావ్!" మామయ్య పరుగెత్తుకుంటూ వచ్చారు. "లే! లేవమంటున్నానా!"

నేను లేవలేదు. ఆయన నావైపు కాదు, ఆ గీత వైపు చూస్తున్నారు. అరుపు మధ్యలో ఆగిపోయింది.

"మిగతావి కూడా చూడమ్మా."

గోడ దగ్గర్నుంచి వచ్చిందా మాట. అత్తయ్య స్టూలు దిగి నిలబడి ఉంది. అందరికీ వినిపించేలానే అంది. "మూడూ చూడు. ఆయన బిగించినవి మూడూ చూడు."

మామయ్య ఆవిడ వైపు తిరిగారు. ఏదో అనబోయి, కుడిచెయ్యి తీసి జేబులో పెట్టుకున్నారు.

కళ్లజోడు ఆఫీసరు వంగి, విడిపోయిన గీతని చాలాసేపు చూశాడు.

"పట్టీ లేకుండా కారు ముట్టుకున్నారు. మీ మీద చర్య ఉంటుందమ్మా."

"ఉండనివ్వండి. రుజువు కావాలన్నారుగా."

ఆయన లేచి చెయ్యెత్తి, మా కారుని వరసలోంచి పక్కకి తీయమన్నాడు. టైర్ల అన్నయ్య, ఇంకెవరో ఇద్దరు కలిసి గోడ వారకి నెట్టారు. ఆఫీసరు జేబులోంచి ఆ కాగితం తీసి, కిటికీ దగ్గరికి వెళ్లి వేలితో తట్టాడు. మా ఆయన హెల్మెట్టు అద్దం పైకెత్తాడు.

"నిన్న చక్రం ఊడింది మీ మెకానిక్ నిర్లక్ష్యం వల్లేనని ఇక్కడ మీరు సంతకం పెట్టారు. ఈ సంతకం ఉంచుతారా, వెనక్కి తీసుకుంటారా?"

ముందు వరసల్లో ఇంజన్లు ఒక్కసారిగా హోరెత్తాయి. నేను మోకాళ్ల మీద నుంచి లేచి, సరిగ్గా ఆయనకి ఎదురుగా నిలబడ్డాను. అవునని చెప్పినా సరే, కాదని చెప్పినా సరే, నా మొహం చూసి చెప్పమని.

ఇరవై మూడు కార్లు మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయాయి. మా ఆయన ఇంకా వాళ్ల నాన్న మొహంలోకే చూస్తున్నాడు.